మూరెడు దూరం

మా ఆఫీసులో జిరాక్సు మిషను కిటికీ పక్కన గోడకి ఆనించి ఉండేది. 2003లో నేను అల్ ఐన్ వచ్చిన మొదటి నెలలోనే ఆ మిషనుకీ నా వీపుకీ బాగా పరిచయమైంది. కారణం మా సీనియర్ అకౌంటెంటు. ఆయనది సూడాన్. ఆరడుగుల పైన మనిషి, ఖంగుమనే గొంతు, తెల్లటి నవ్వు. నాతో ఏ చిన్న మాట చెప్పాలన్నా లేచి వచ్చి, నా ముఖానికి జానెడు దూరంలో తన ముఖం పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని చెప్పేవాడు. నేను మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసేవాణ్ణి. ఆయన అంతే మర్యాదగా ఒక అడుగు ముందుకి వేసేవాడు. అలా నా బల్ల దగ్గర మొదలైన సంభాషణ జిరాక్సు మిషను దగ్గర ముగిసేది. ఆ పైన వెళ్ళడానికి చోటు లేదు కనుక.

మిగతా వాళ్ళకి ఇది రోజూ వినోదమే. నేను మాత్రం రాత్రి ఫోన్లో మా ఆవిడతో, "ఈయనకి బొత్తిగా మర్యాద తెలీదు" అని ఫిర్యాదు చేసేవాణ్ణి. ఫోన్ కార్డు నిమిషాలు ఎంత ఖరీదో ఆ రోజుల్లో గల్ఫులో ఉన్న వాళ్ళకి తెలుసు. ఆ ఖరీదైన నిమిషాలు ఆయన మీద ఖర్చు చేశానంటే నా బాధ ఎంతటిదో ఊహించుకోండి.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ నమాజుకి వెళ్ళినప్పుడు, ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి దూరంగానే నిలబడ్డాడు. "తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నా దగ్గర వాసన ఏమైనా వస్తోందా?" అన్నాడు. నేను తెల్లబోయాను. అత్తరు మార్చి చూశాడట. పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాడట. నేను వెనక్కి జరిగిన ప్రతిసారీ ఆయన ఇంటికి వెళ్ళి భార్యని అడిగేవాడట. నేను ఆయన్ని మర్యాద తెలీని మనిషనుకుంటూ ఉంటే, ఆయన నన్ను మర్యాద తెలీని మనిషనుకోకుండా, లోపం తనలోనే ఉందనుకున్నాడు. ఆ రోజు నేను ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు. సరైన జవాబు మాత్రం చెప్పలేదు.

ఈ ముందడుగు వెనకడుగుల ఆటకి ఒక చరిత్ర ఉందనీ, దాన్ని పుస్తకంగా రాసిన వాడొకడున్నాడనీ నాకు తెలిసింది చాలా తర్వాత. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పని చేసే మిత్రుడొకాయన ఎడ్వర్డ్ హాల్ పుస్తకం చేతికిచ్చాడు. హాల్ అమెరికన్ మానవ శాస్త్రవేత్త. 1914లో పుట్టి 2009లో పోయాడు. 1930లలో నవహో, హోపీ తెగల ప్రాంతాల్లో పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి సైనికుల దళంలో అధికారిగా ఉన్నాడు. యుద్ధం అయ్యాక, 1950లలో, పరదేశాలకి వెళ్ళే అమెరికన్ దౌత్య సిబ్బందికీ సాంకేతిక నిపుణులకీ వాషింగ్టన్‌లో పాఠాలు చెప్పాడు. అక్కడ ఆయన గమనించిందేమిటంటే, ఈ నిపుణులకి భాష వచ్చినా పని జరగడం లేదు. ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు చెయ్యి కలపాలో తెలీక చెడగొట్టుకొస్తున్నారు. దగ్గరికొచ్చే పరదేశి నుంచి తప్పించుకుంటూ ఒక అమెరికన్ పొడవాటి వసారా మొత్తం వెనక్కి నడుచుకుంటూ పోవడం తాను చూశానని రాశాడు. చదివి నవ్వుకున్నాను. వాళ్ళకి వసారా ఉంది, నాకు జిరాక్సు మిషనే అడ్డం.

హాల్ 1959లో ఒక పుస్తకం, 1966లో ఇంకొకటి రాశాడు. రెండో దాంట్లో మనుషుల మధ్య దూరాన్ని నాలుగు వలయాలుగా కొలిచాడు. పద్దెనిమిది అంగుళాల లోపల అయినవాళ్ళు. అక్కణ్ణించి నాలుగడుగుల దాకా స్నేహితులు. నాలుగు నుంచి పన్నెండు అడుగుల దాకా ఉద్యోగ వ్యవహారాలు. ఆ పైన సభలు, ఉపన్యాసాలు. ఈ లెక్క చూడగానే నాకు నవ్వొచ్చింది. పద్దెనిమిది అంగుళాలంటే మన మూర. పన్నెండడుగులంటే సరిగ్గా రెండు బారలు. ఆయన అంగుళాల్లో రాసింది మన పూలమ్మి చేత్తో కొలుస్తుంది. మూరెడు లోపలికి ఇంకొకడు వస్తే, వాడు మన చెయ్యి కొలిచేటంత మేర లోపలికి వచ్చాడన్నమాట. దేహాన్నే కొలబద్దగా వాడుకున్న భాష మనది. ఆ కొలతల్ని మర్యాదకి కూడా ఎవరైనా వాడి ఉంటే బాగుండేది.

హాల్ ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. ఆ అంకెలు ఎక్కువగా అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వాళ్ళని చూసి వేసినవే, అందరికీ అంటగట్టకండి అని. దాని తర్వాత వచ్చిన ఉద్యోగ శిక్షణల కరపత్రాల్లో ఆ జాగ్రత్త ఎగిరిపోయింది, అంకెలు మిగిలాయి. మా కంపెనీ వాళ్ళు ఒకసారి పెట్టిన శిక్షణలో కూడా నాలుగు వలయాల బొమ్మ చూపించారు, కింద పేరు లేకుండా.

అరబ్బుల గురించి ఆ పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. బహిరంగ స్థలంలో నా చుట్టూ నాకొక గీత ఉందని అమెరికన్ అనుకుంటాడు, అరబ్బు అనుకోడు, అది అందరి చోటు అంటాడు హాల్. ఇంకో మాట నాకు చెంపపెట్టులా తగిలింది. స్నేహితుడి ఊపిరి తగిలేంత దగ్గరగా మాట్లాడటం ఆ మర్యాదలో భాగమట. ఊపిరి తగలనివ్వకపోవడం అంటే సిగ్గుపడటం, దాచుకోవడం. మా సూడాన్ పెద్దాయన అత్తరు ఎందుకు మార్చాడో నాకప్పుడు అర్థమైంది.

అదే 1966లో వాట్సన్, గ్రేవ్స్ అనే ఇద్దరు కొలరాడో విశ్వవిద్యాలయంలో పదహారు మంది అరబ్బు విద్యార్థుల్నీ పదహారు మంది అమెరికన్ విద్యార్థుల్నీ కూర్చోబెట్టి మాట్లాడించి కొలిచారు. అరబ్బులు ఎదురెదురుగా తిరిగి, దగ్గరగా జరిగి, కళ్ళలోకి చూస్తూ, బిగ్గరగా మాట్లాడారు. ముట్టుకోవడం కూడా వాళ్ళే ఎక్కువ. హాల్ చెప్పింది నిజమేనన్నారు. ముప్పై రెండు మంది కుర్రాళ్ళు, అందరూ మగవాళ్ళు. దాని మీద యాభై ఏళ్ళు బండి నడిచింది.

2017లో నలభై రెండు దేశాల్లో 8,943 మందిని అడిగిన పెద్ద అధ్యయనం వచ్చింది. కాగితం మీద ఇద్దరు మనుషుల బొమ్మలు గీసి, తెలియని వాడు ఎంత దూరంలో ఆగితే నీకు బాగుంటుందో గుర్తు పెట్టమన్నారు. అందరికంటే దగ్గరకి రానిచ్చింది అర్జెంటీనా వాళ్ళు. దూరంగా ఆపిన వాళ్ళలో పైవరసలో రొమేనియా, హంగరీలతో పాటు ఎవరున్నారనుకున్నారు? సౌదీ అరేబియా. అరబ్బులందరూ మీద పడి మాట్లాడతారన్న పాఠం అంత తేలిగ్గా నిలవదన్నమాట. తెలియని వాడికి ఒక దూరం, తెలిసిన వాడికి ఇంకొకటి. మా పెద్దాయన నా మీదకి వచ్చాడంటే నేను ఆయనకి తెలియని వాణ్ణి కానని అర్థం. ఆ మాటే రెండు నెలలు నాకు అర్థం కాలేదు.

ఊరి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. అల్ ఐన్ సముద్రం లేని ఊరు. దుబాయి వెలుగులు చూసి వచ్చిన వాళ్ళకి నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. ఖర్జూర తోటలు, వాటి మధ్య ఫలజ్ కాలవలు, వెనక జెబెల్ హఫీత్ కొండ. ఆ తోటలూ పురాతన అవశేషాలూ 2011లో యునెస్కో జాబితాకి ఎక్కాయి. ఫలజ్ నీళ్ళు తోటలకి వంతుల వారీగా, గంటల లెక్కన పంచుకునేవాళ్ళు. మన మెట్ట పొలాల్లో నీటి వంతుల తగాదాలు చూసిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ పని అనేది మొదట్నుంచీ పదిమంది మధ్య, భుజం భుజం తగిలేలా జరిగిన పని.

షేక్ జాయెద్ 1946 నుంచి 1966 దాకా ఈ ప్రాంతానికి పాలకుడి ప్రతినిధి. 1948లో విల్ఫ్రెడ్ థెసిగర్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఎడారి దాటి వచ్చి ముఐజీ కోట దగ్గర ఆయన్ని కలిశాడు. అప్పటికి జాయెద్ ఆఫీసు అంటే కోట బయట చెట్టు నీడ. నేల మీద, చుట్టూ బెదూయిన్లు. ఒంటె దొంగతనం, నీటి తగువు, ఏదైనా అందరూ వింటుండగానే తీర్పు. థెసిగర్ తీసిన ఫొటోలు ఇప్పుడు జాహిలీ కోటలో పెట్టారు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ మనుషుల మధ్య ఎంత ఎడం ఉందో చూస్తాను. పాతరోగం.

ఆ చెట్టు నీడే తర్వాత మజ్లిస్ అయింది, ఆ తర్వాత ఆఫీసు గది అయింది. మా పెద్ద మేనేజరు స్థానికుడు. ఆయన గదిలో ఎప్పుడూ నలుగురైదుగురు గహ్వా తాగుతూ ఉండేవాళ్ళు. నా జీతం విషయం మాట్లాడాలని నేను ఆయన ఒంటరిగా దొరికే వేళ కోసం మూడు వారాలు కాచుకున్నాను. దొరకలేదు. చివరికి సూడాన్ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అందరి మధ్యకీ లాక్కెళ్ళి, "ఈయనకో మాటుంది" అన్నాడు. అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఎవరో తెలియని ముసలాయన కూడా నా తరఫున రెండు మాటలు కలిపాడు. ఇక్కడి మగవాళ్ళు కలుసుకోగానే ముక్కుకి ముక్కు ఆనిస్తారు. మేనేజరుకీ ఆ ముసలాయనకీ మధ్య ఆ పలకరింపు చూసినప్పుడు, అది మన పాదాభివందనం కంటే సమానమైన మర్యాద అనిపించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నేను తప్పు చేసిన చోటికి వస్తాను.

2009లో రాజమండ్రి వైపు అమ్మాయి ఒకామె మా ఆఫీసులో రిసెప్షనులో చేరింది. కొన్నాళ్ళకి నాతో, "అన్నయ్యగారూ, ఫలానా ఆయన ఫైలు ఇచ్చే వంకతో చెయ్యి తాకిస్తున్నాడు. కుర్చీ వెనకాల వచ్చి వంగి కంప్యూటరు చూస్తున్నాడు" అని చెప్పింది. ఆ ఫలానా ఆయన కూడా అరబ్బు దేశాల వాడే. నేను అప్పటికి హాల్ పుస్తకం చదివేసిన పండితుణ్ణి కదా. "అమ్మా, వీళ్ళ పద్ధతే అంత, దగ్గరగా నిలబడి మాట్లాడతారు, తప్పుగా తీసుకోకు. నేనూ మొదట్లో ఇబ్బంది పడ్డాను" అని నా జిరాక్సు మిషను కథ చెప్పి నవ్వించాను. నవ్వింది. మళ్ళీ నా దగ్గరికి ఆ విషయం తేలేదు.

నాలుగు నెలల తర్వాత ఆమె రాజీనామా కాగితం తెచ్చినప్పుడు విషయం సూడాన్ పెద్దాయన చెవిన పడింది. ఆయన ముఖం నల్లబడిపోయింది. "మా పద్ధతా? ఎవరి పద్ధతి? నేను ఆ అమ్మాయితో ఎక్కడ నిలబడి మాట్లాడతానో నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాడు. చూశాను. ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాను, గమనించలేదు. నా ముఖం మీదకి వచ్చే ఆ మనిషి ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు బల్లకి అవతల, రెండు బారల దూరంలో, చెయ్యి గుండె మీద పెట్టుకుని, చూపు దించుకుని నిలబడేవాడు. వాళ్ళు చెయ్యి చాపితే తప్ప తను చాపేవాడు కాదు. మగవాడికీ మగవాడికీ మధ్య ఉన్న చనువుని తీసుకెళ్ళి నేను ఒక ఆడపిల్ల కష్టానికి సమాధానంగా చెప్పాను. పద్ధతి తెలియక కాదు, సగం తెలిసి.

ఆయనే వెళ్ళి మేనేజరుతో మాట్లాడాడు, మజ్లిస్ అంతా వింటుండగా కాదు, తలుపు వేసి. ఆ గది తలుపు వేసి ఉండగా నేను చూసింది అదొక్కసారే. ఆ ఫలానా ఆయన్ని వేరే బ్రాంచికి పంపారు. అమ్మాయి మాత్రం ఉండలేదు. వెళ్ళేటప్పుడు నాకు స్వీట్లు ఇచ్చింది, మామూలుగానే మాట్లాడింది. అలా మామూలుగా మాట్లాడటమే నన్ను చాలాకాలం బాధపెట్టింది.

చట్టాల సంగతి చూస్తే అవి కూడా మనలాగే ఆలస్యంగా కళ్ళు తెరిచాయి. మన దేశంలో పనిచేసే చోట లైంగిక వేధింపు అంటే ఏమిటో సుప్రీంకోర్టు విశాఖ తీర్పులో చెప్పింది 1997లో. విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌కి చెందిన మహిళా సంస్థ పేరు. పార్లమెంటు చట్టం చేసింది 2013లో, పదహారేళ్ళ తర్వాత. ఇక్కడ 1980 నాటి కార్మిక చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం తెచ్చి 2022 ఫిబ్రవరి నుంచి అమలు చేశారు. పనివాళ్ళ మీద లైంగిక వేధింపు, బెదిరింపు, మాటల హింస, చేతల హింస నిషేధమని అందులో రాశారు. ఆ అమ్మాయి 2009లో అడగాల్సింది చట్టాన్ని కాదు, పక్క బల్ల వాణ్ణి. అడిగింది కూడా.

ఇంకొకటి ఉంది. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

2011లో మా ఆఫీసుకి జగిత్యాల దగ్గర పల్లె నుంచి డ్రైవరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. సూడాన్ పెద్దాయనతో చెయ్యీ చెయ్యీ పట్టుకుని పార్కింగు దాకా నడిచేవాడు. పఠాన్ వాచ్‌మన్‌తో ఒకే పళ్ళెంలో తినేవాడు. నా గదికి వస్తే మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయేవాడు. కాగితం ఇవ్వాలంటే చెయ్యి బాగా చాపి బల్ల అంచున పెట్టి వెనక్కి జరిగేవాడు. నాకోసం వెనక డోరు తీసి నిలబడేవాడు. మొదట్లో నాకిది బాగానే ఉంది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక మనిషి నేను కోరుకున్న దూరంలో నిలబడ్డాడు అనుకున్నాను.

మా ఇంట్లో మామ్మ మడి కట్టుకుంటే మనవలం కూడా తగలకూడదు. మా పాలేరు పెరటి గుమ్మం దాటి లోపలికి రాడు. అది చిన్నప్పుడు నాకు గాలి, నీరులాంటిది. తెలుగులో ముట్టుకోవడానికి ఉన్న మాటలు చూడండి. ముట్టు, అంటు, తాకుడు. వీటిలో ఏ మాట పట్టుకుని లాగినా చివర మైలే వస్తుంది. హాల్ నాలుగు వలయాల్లో పుట్టుకతో గీసిన గీత లేదు. అది కొలవాలంటే ఆయన మా ఊరికి రావాల్సింది. 1950లో రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో చట్టం వచ్చింది, 1989లో ఇంకొకటి. ఈలోగా 1985లో కారంచేడు. 1991లో మా గుంటూరు జిల్లాలోనే చుండూరు. ఆ తర్వాత కూడా జస్టిస్ పున్నయ్య కమిషన్ ఊళ్ళు తిరిగి, హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా ఉందని 2001లో నివేదిక ఇచ్చింది. నేను 2003లో విమానం ఎక్కాను. ఇవన్నీ కింద వదిలేసి వచ్చాననుకున్నాను.

2014లో సూడాన్ పెద్దాయన ఉద్యోగం మానేసి స్వదేశానికి వెళ్ళిపోయాడు. వాళ్ళ పద్ధతిలో ముందు నా భుజం తట్టి, తర్వాత కౌగిలించుకున్నాడు. నేను వెనక్కి జరగలేదు. ఆయన్ని అబూధాబి విమానాశ్రయంలో దింపి తిరిగి వస్తుంటే, చీకటి రోడ్డు మీద, డ్రైవరు ఏడుస్తున్నాడని అద్దంలో కనిపించింది. ఆ ధైర్యంతో అడిగాను. "నువ్వు ఆయనతో అంత చనువుగా ఉండేవాడివి, నాతో ఎందుకు ఉండవు?" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"మీరు నేనొచ్చిన మొదటి రోజే ఇంటిపేరు అడిగిండ్రు గద సార్. చెప్పిన. ఇగ మీరు ఊకున్నరు. నాకు సమజైంది. ఆయన ఎన్నడూ అడగలే."

నాకు ఆ సంభాషణ గుర్తు లేదు. కానీ అడిగే ఉంటాను. మనం అడుగుతాం. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి. విమానాశ్రయంలో కొత్త తెలుగువాడు కనిపిస్తే మూడో ప్రశ్న అదే. అడిగినప్పుడు మనం ఏదో ఆప్యాయంగా అడుగుతున్నామనే అనుకుంటాం. జవాబు విన్నాక మన ముఖం ఏం చేస్తుందో మనకి కనిపించదు. ఎదుటివాడికి మాత్రం బాగా కనిపిస్తుంది. సూడాన్ పెద్దాయన నా వెనకడుగుని తన తప్పనుకుని అత్తరు మార్చాడు. డ్రైవరు అలా పొరబడలేదు. దాని అర్థం అతనికి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

"బండి ఆపు" అన్నాను. ఏమైందోనని భయపడి పక్కకి తీసి ఆపాడు. దిగి ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాను. అతనేమీ అనలేదు. సీటు బెల్టు పెట్టుకోమన్నాడు, అంతే. ఆ మాత్రం దానికి ఏదో మారిపోతుందని నేనూ అనుకోలేదు. మర్నాడు మళ్ళీ వెనక డోరు తీసి నిలబడ్డాడు. నేను ముందుకి వెళ్ళి కూర్చున్నాను. అలా కొన్ని నెలలు నడిచింది. ఒకరోజు డోరు తీయలేదు. తను ఎక్కి కూర్చుని, పక్క సీటు మీదున్న నీళ్ళ సీసా తీసి నాకు చోటిచ్చాడు. 2016లో వాళ్ళమ్మాయి పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు కట్నం లెక్కలు నాతో చెప్పేవాడు. నేను సలహాలు ఇచ్చేవాణ్ణి. వాటిలో ఒక్కటీ పాటించలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. ముక్కు ముక్కు ఆనించే పలకరింపులు, కరచాలనాలు మానమని ఇక్కడి ప్రభుత్వం చెప్పింది. వందల ఏళ్ళ మర్యాదని కొద్ది రోజుల్లో జనం గుండె మీద చెయ్యికి మార్చుకున్నారు. మా ఆఫీసు నేల మీద పసుపు టేపుతో గీతలు వేశారు. మనిషికీ మనిషికీ రెండు మీటర్లు, అంటే ఒక బార కంటే కాస్త ఎక్కువే. ఎవరి గీత మీద వాళ్ళు నిలబడేవాళ్ళం. జిరాక్సు మిషను దగ్గర కూడా ఒక గీత వేశారు.

కంపెనీ బళ్ళకి కూడా నోటీసు వచ్చింది. డ్రైవరు పక్కన ఎవరూ కూర్చోకూడదు, వెనక సీట్లో ఎడమ వైపు ఒక్కరే. ఆ కాగితం పట్టుకుని అతను నా గదిలోకి వచ్చాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. తలుపు దగ్గర ఆగలేదు. గీత దాటి బల్ల దాకా వచ్చి కాగితం నా ముందు పెట్టి, "ఏం చేద్దాం సార్ ఇగ?" అన్నాడు.